గాల్లో వేలాడిన ఏత్వం

మా ఆడపడుచుకీ నాకూ పడదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. నేను ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్లయింది, ఆ ఇరవై రెండేళ్లూ ఆమె మా పై గదిలోనే ఉంది. పెళ్లి వద్దంది, ఉద్యోగం చాలంది. మనిషి చెడ్డదా అంటే కాదు. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. వట్టి భయస్తురాలు. భయస్తులతో ఒకే ఇంట్లో ఉండడం ఎంత కష్టమో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

గ్యాస్ కట్టేశామా లేదా అని మూడుసార్లు చూస్తుంది. తలుపుకి తాళం వేసి మూడుసార్లు లాగుతుంది, వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ మూడుసార్లు లాగుతుంది. మధ్యలో ఆగిపోతుందేమోనని లిఫ్ట్ ఎక్కదు. వాళ్ల ఆఫీసు ఐదో అంతస్తులో ఉంటే రోజూ మెట్లెక్కే పోతుంది. ఆయాసపడుతూ అక్కడి నుంచి నాకు ఫోన్.

"వదినా, ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకావా?"

"పీకానమ్మా. ఇక పీకాల్సింది నీ ఫోన్ ప్లగ్గే."

మూడుసార్లమ్మ అని పేరు పెట్టాను. సొంత చెల్లెలైనా మా ఆయన కూడా ఆ పేరు విని నవ్వేవాడు.

నేను ఆమెకి పూర్తిగా తిరగేసిన మనిషిని. ఒకటో తరగతి పిల్లలకి గుణింతాలు చెప్తాను. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. క్లాసులో పిల్లాణ్ణి ప్రశ్న అడిగి, వాడు నోరు తెరిచేలోపే జవాబు నేనే చెప్పేస్తానని మా హెడ్మాస్టరు గారు ఎన్నోసార్లు మొత్తుకున్నారు. ఏం చేయను, ఎదురుచూడ్డం నాకు చేతకాదు. ఇంట్లోనూ అంతే. ఎవరికి ఏం కావాలో, ఎవరికి ఏం నొప్పో వాళ్లకన్నా నాకే బాగా తెలుసని నా ధీమా.

ఆమె భయం ఎక్కడి నుంచి వచ్చిందో మా ఆయన ఒకసారి చెప్పాడు. మా మామగారు మోటార్లు బాగుచేసేవారు. ఆమెకి తొమ్మిదేళ్లప్పుడు, ఒక పెద్ద మోటారు విప్పి ముందేసుకుని, "బోర్డు మీద 'స్విచ్చి వేయకు' అని రాసిపెట్టమ్మా" అన్నారట. ఆమె సుద్దముక్కతో రాసింది. అటు వెళ్లేవాళ్ల భుజం తగిలి చివరి అక్షరం చెరిగిపోయింది. 'స్విచ్చి వేయ' అని మిగిలింది. వచ్చినవాడెవడో వేయమనే కాబోలనుకుని వేశాడు. మామగారి కుడిచేతికి రెండు వేళ్లు పోయాయి. ఆయన కూతుర్ని ఒక్క మాట కూడా అనలేదట. ఆమె మాత్రం అప్పట్నుంచీ, రాసిన ప్రతి అక్షరాన్నీ అవతలివాళ్లు ఏమని చదువుతారోనని వణుకుతూనే ఉంది. ఈ సంగతి విన్న రోజు నాకు చాలా జాలేసింది. మర్నాడు పొద్దున్నే ఆమె తాళం లాగుతుంటే మళ్లీ ఒళ్లు మండింది.

ఆమె ఉద్యోగం ఆస్పత్రి రికార్డులకి ప్రోగ్రాములు రాయడం. వేల కాగితాల్లో ఫలానా మాట ఎక్కడున్నా పట్టుకురా అని కంప్యూటర్‌కి చెప్పడానికి ఒక పొట్టి రాత ఉంటుంది. రెగెక్స్ అంటారు. చుక్కలు, బ్రాకెట్లు, ప్రశ్న గుర్తులు కలిసి, పిల్లి కీబోర్డు మీద నడిచిపోయినట్టుంటుంది. రాసేవాడు ఒకటి అనుకుని రాస్తాడు, యంత్రం దాన్ని ఇంకోలా విడగొట్టుకుని చదువుకుంటుంది. మళ్లీ ఆ స్విచ్చి బోర్డు గొడవే. ఈమెకి అలాంటి పనే దొరికిందంటే ఏమనాలి? అందుకే సెలవు రోజుల్లో కూర్చుని ఒక పరికరం తయారుచేసుకుంది. రెగెక్స్ అందులో వేస్తే, యంత్రం ఏ ముక్కని ఏ ముక్కకి తగిలించి చదువుతోందో చెట్టు గీసి చూపిస్తుంది. దానికి 'విడమర్చు' అని పేరు పెట్టింది. ఆఫీసులో అందరూ అదే వాడేవారట. ఇంట్లో దాని గురించి ఎప్పుడూ గొప్పలు చెప్పుకోలేదు. చెప్పుకుందామన్నా నేను విననిచ్చేదాన్ని కాదు.

ఒక ఆదివారం కాఫీ ఇద్దామని పై గదికి వెళ్తే తెర నిండా ఆ చెట్టే ఉంది. ఒక కొమ్మకి 'ల' ఉంది. పక్క కొమ్మకి, చుక్కలతో గీసిన ఖాళీ సున్నా మీద, ఏత్వం ఒక్కటే ఉంది.

"ఇదేంటి, ఏత్వం గాల్లో వేలాడుతోంది?" అన్నాను.

"యంత్రానికి అది విడి అక్షరం వదినా. మనం 'లే' అంటే ఒకటే అనుకుంటాం. దానికి 'ల' ఒకటి, ఏత్వం ఇంకొకటి. అన్ని గుణింతాలూ అంతే."

"ఛీ, మొండెం లేని తలకాయలా ఉంది. నా క్లాసులో ఎవడైనా ఇలా రాస్తే గోడకుర్చీ వేయిస్తాను. ఏత్వం ఎక్కడైనా ఒంటరిగా ఉంటుందా? దీన్ని నలుగురూ చూస్తారా పైగా! మన భాష పరువు తీశావు పో."

ఆమె కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తెర వైపే చూస్తూ కూర్చుంది. వారం తిరిగేసరికి నన్ను పైకి పిలిచింది. ఏత్వం వెళ్లి 'ల' నెత్తిన బుద్ధిగా కూర్చుంది. లోపల యంత్రం చదివేది ఎప్పటిలాగే చదువుతుంది, బొమ్మలో మాత్రం గుర్తుని పక్క అక్షరానికి అతికించి చూపించేలా మార్చానని చెప్పింది.

"ఇప్పుడు బాగుందా వదినా?"

"ఇప్పుడు తెలుగులా ఉంది," అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. ఇరవై రెండేళ్లలో నేను ఆమెని మెచ్చుకున్నది అదొక్కసారే. ఆ ఒక్కసారి కూడా నోరు మూసుకుని ఉండాల్సింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి మా వీధి చివరి ఆస్పత్రివాళ్లు పాత రికార్డులన్నీ కొత్త కంప్యూటర్లలోకి మార్చుకున్నారు. ఆ పని వీళ్ల ఆఫీసుకే వచ్చింది. పాత కేసు నోట్లలో 'ఈ మందు ఈయనకి పడలేదు', 'ఫలానా సూది ఈమెకి పడదు' అని గుమాస్తాలు టైపు చేసిపెట్టిన మాటలుంటాయి కదా. అవి వెతికి పట్టుకుని, ఆ మనుషుల పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టాలి. మందు ఇచ్చే ముందు నర్సు చూసేది ఆ గుర్తునే. ఆ వెతికే రాత రాసింది మా ఆడపడుచు.

ఆమె రాసింది ఇది: పడలే?దు

అందులో ప్రశ్న గుర్తుకి అర్థం, నా ముందున్నది ఉన్నా సరే, లేకపోయినా సరే అని. 'లే' ఉంటే 'పడలేదు'. 'లే' లేకపోతే 'పడదు'. ఒక్క రాతతో రెండు మాటలూ దొరుకుతాయని ఆమె లెక్క. నేను రాసినా అలాగే రాసేదాన్ని, గుణింతాలు నేర్చుకున్న ఎవరైనా అలాగే రాస్తారు. రాశాక 'విడమర్చు'లో వేసి చూసుకుంది. చెట్టు మీద 'లే' అనే పండు, దాని పైన 'ఉన్నా లేకున్నా' అనే కొమ్మ. మూడుసార్లు చూసుకుంది. ఆస్పత్రివాళ్లిచ్చిన వంద నోట్లతో పరీక్ష పెట్టింది, అన్నీ దొరికాయి. ఆ వందా ఒకే గుమాస్తా టైపు చేసినవని, అతను 'పడలేదు' అనే తప్ప ఇంకోలా రాయడని అప్పుడెవరికీ తట్టలేదు.

మూడు వారాలు గడిచాయి. ఈలోగా మా అమ్మ మెట్టు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. అదే ఆస్పత్రిలో చేర్చాం. మర్నాడు పొద్దున పదకొండింటికి ఆపరేషన్ అన్నారు.

ఎనిమిదింటికి నర్సు కాగితం పట్టుకుని వచ్చింది. "మందులేమైనా పడవా అమ్మా?" అని అమ్మని అడిగింది. అమ్మకి కుడి చెవి మందం. కాస్త ఆలస్యంగా అర్థమవుతుంది. "అదీ..." అని చెయ్యి ఎత్తింది.

"ఏం లేదండీ," అన్నాను నేను. "మా అమ్మ రాళ్లు తిని హరాయించుకునే మనిషి."

"అది కాదే..." అంది అమ్మ.

"నువ్వూరుకోమ్మా, నేను చెప్తున్నాగా."

నర్సు నవ్వి కంప్యూటర్లో చూసింది. అక్కడా ఎర్ర గుర్తు లేదు. 'ఏమీ లేవు' అన్న చోట టిక్కు పెట్టుకుని వెళ్లిపోయింది. అమ్మ చెయ్యి మెల్లగా దుప్పటి మీద పెట్టేసింది. నేను దుప్పటి సర్ది, జుట్టు దువ్వి, ఎంత బాగా చూసుకుంటున్నానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

అదే సమయంలో ఆఫీసులో ఏం జరిగిందో తర్వాత ఆమే చెప్పింది. తొమ్మిదిన్నరకి పిల్లల వార్డు నుంచి ఒక నర్సు ఫోన్ చేసి నవ్విందట. "ఏమండీ, ఇక్కడ ఒక బాబుకి ఎర్ర గుర్తు పడింది. నోటు తీసి చూస్తే 'సూది వేస్తే భయపడలేదు' అని ఉంది. భయపడకపోవడం కూడా జబ్బేనా?"

'భయపడలేదు'లోనూ 'పడలేదు' ఉంది కదా, అదీ దొరికేసింది. ఈమె కూడా నవ్విందట. సర్దుదామని, దొరికిన మాటలన్నీ వరసగా పెట్టి చూసింది. పడలేదు. పడలేదు. భయపడలేదు. పడలేదు. కష్టపడలేదు. పడలేదు. తెర కిందికి జరుపుతూ పోయింది. చివరిదాకా 'పడదు' ఒక్కటీ లేదు. తొమ్మిది వేల నోట్లలో 'నాకది పడదు' అన్న మనిషే లేడా? మనవాళ్లలో ఆ మాట అనకుండా ఒక్క పూటైనా ఎవరికైనా గడుస్తుందా? వెంటనే 'విడమర్చు' తెరిచి, నా కోసం కలిపిన ఆ అతికింపుని తీసేసి, తన రాతని మళ్లీ అందులో వేసింది.

చెట్టు విప్పుకుంది. ఒక కొమ్మకి 'పడల'. ఒక కొమ్మకి 'దు'. మధ్యలో 'ఉన్నా లేకున్నా' అన్న కొమ్మకి, చుక్కల సున్నా మీద, ఏత్వం ఒక్కటే వేలాడుతోంది. 'లే' కాదు, ఉత్త ఏత్వం. అంటే యంత్రం ఇన్నాళ్లూ వెతికింది రెండే మాటల కోసం: ఒకటి 'పడలేదు', రెండోది 'పడలదు'. 'పడలదు' అని పుట్టిన ఏ మనిషీ అనడు. 'పడదు' అన్న వాళ్లందరూ గుర్తు లేకుండా జారిపోయారు.

ఎప్పుడో ఒకసారి మందు పడనివాళ్లకి గుర్తుంది, అసలు ఎప్పటికీ పడనివాళ్లకి లేదు. సూదికి భయపడని పిల్లాడికి మాత్రం ఉంది.

'లే' చుట్టూ బ్రాకెట్లు పెట్టి, పడ(లే)?దు అని మార్చి మళ్లీ వెతికించింది. ఇరవై మూడు పేర్లు కొత్తగా వచ్చాయి. పదిహేడో పేరు మా అమ్మది. పదకొండేళ్ల కిందటి నోటు. 'సూది వేసిన పది నిమిషాలకి నాలుక వాచింది, ఊపిరందలేదు. ఈ జాతి మందు ఈమెకి పడదు.' అప్పుడు టైము పదీ ఐదు. ఆపరేషన్‌కి ముందు గాయం చీము పట్టకుండా ఇచ్చే సూది ఆ జాతిదే. దాన్ని పదిన్నరకల్లా ఇచ్చేస్తారని ఆమెకి తెలుసు. ఆ టైములు కంప్యూటర్లో పెట్టిందీ తనే.

నాకు ఫోన్ చేసింది.

నేను ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. అమ్మని అప్పుడే లోపలికి తీసుకెళ్లారు. ఫోన్ మోగింది, ఆమె పేరు చూశాను. గ్యాస్ గురించో, తాళం గురించో అయి ఉంటుంది. ఇలాంటి వేళ కూడానా అని కట్ చేశాను. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాను. మూడోసారి ఫోనే ఆపేశాను.

ఆస్పత్రి నంబరుకి చేస్తే 'దయచేసి వేచి ఉండండి' అని పాట పెట్టారట. వాళ్ల ఆఫీసులో పక్క సీటు ఆయనకి ఆ ఫోన్ చేతికిచ్చి, "పట్టుకునే ఉండండి, తీయగానే ఈ పదిహేడో పేరు చదివి సూది ఆపమని చెప్పండి," అని చెప్పి, ఆ నోటు ప్రింటు తీసుకుని పరుగెత్తింది. నలభై నాలుగేళ్ల మనిషి, ఆఫీసు నుంచి ఆస్పత్రి దాకా పొడుగాటి వీధి, ఒక చెప్పు తెగితే రెండోది తనే విసిరేసింది. ఆపరేషన్ గది ఆరో అంతస్తులో ఉంది.

నా ఎదురుగా లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. అందులోంచి మా ఆడపడుచు బయటికొచ్చింది. పుట్టి బుద్ధెరిగి లిఫ్ట్ ఎక్కని మనిషి. కాళ్లకి చెప్పుల్లేవు, జుట్టు విడిపోయి ఉంది.

"ఏత్వం..." అంది. "ఏత్వం ఊడిపోయింది వదినా!"

పిచ్చెక్కిందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. లేచి చెయ్యి పట్టుకున్నాను. "ఇక్కడ కూడా మొదలెట్టావా? లోపల మా అమ్మ ఉంది. నీ భయాలు ఇంట్లో పెట్టుకో!"

"సూది ఇచ్చేశారా? వదినా, చెయ్యి వదులు. అత్తయ్యకి ఆ మందు పడదు!"

"ఎవరు చెప్పారు నీకు? కన్నకూతుర్ని, నాకు తెలీదా? మా అమ్మకి పడని మందు లేదు."

"రాసుంది! నోట్లో రాసుంది!"

"ఏం నోటు? ఎక్కడి నోటు? ముందు కూర్చో, నీళ్లు తాగు," అంటూ ఆమెని బెంచీ వైపు లాగాను. నాది గట్టి చెయ్యి. ఎంతసేపు లాగానో తెలీదు. ఒక నిమిషం కూడా ఉండదు. ఆ నిమిషంలో గోడ గడియారం పదీ ఇరవై ఆరు చూపిస్తోంది. దాని కింద ఎర్ర దీపం వెలుగుతోంది. ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపులో ఉన్న భయం నేను రోజూ వేళాకోళం చేసే భయం కాదు. దాన్ని చూశాక నా వేళ్లు వాటంతటవే వదిలేశాయి.

ఆమె వెళ్లి ఆపరేషన్ గది తలుపుని రెండు చేతులతో బాదింది. "ఆపండి! సూది ఆపండి! పడదు! ఆమెకి పడదు!" గొంతు చీలిపోయేలా అరిచింది. ఇరవై రెండేళ్లలో ఆ మనిషి గొంతు పెంచగా నేను వినలేదు. తలుపు తీసిన నర్సు కోపంగా ఏదో అనబోయింది. ఈమె చేతిలో నలిగిపోయిన కాగితం ఆమె మొహం ముందు పెట్టింది. నర్సు చదివింది. చదివి లోపలికి పరుగెత్తింది.

తలుపు మూసుకుంది. మేమిద్దరం బయట నిలబడ్డాం. లోపల ఏమైందో తెలీదు. పొద్దున అమ్మ ఎత్తిన చెయ్యి కళ్లముందు కనిపించింది. 'అది కాదే' అంది. 'అదీ' అంది. నేనేమన్నాను? రాళ్లు తిని హరాయించుకుంటుందన్నాను. అమ్మకేమైనా అయితే చంపింది మందు కాదు, నేను.

"ఇచ్చేశారంటావా?" అని అడిగాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

నాలుగు నిమిషాలకి మత్తు డాక్టరు బయటికొచ్చారు. మాస్కు కిందికి లాగి, "గొట్టానికి సిరంజి తగిలించేశాం. ఇంకా నొక్కలేదు," అన్నారు. "వేరే మందు వాడుతున్నాం. మీరు కూర్చోండి."

నేను కూర్చోలేదు, కూలబడ్డాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంత్రం మా తమ్ముడికి ఫోన్ చేసి నిలదీశాను. పదకొండేళ్ల కిందట నేను ట్రైనింగుకని వేరే ఊళ్లో ఉన్నప్పుడు అమ్మకి జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లింది వాడే. "నువ్వు కంగారు పడతావని చెప్పలేదక్కా," అన్నాడు. "అమ్మ చెప్పే ఉంటుందనుకున్నాను." అమ్మని నేను చెప్పనిస్తే కదా.

మిగతా ఇరవై రెండు మంది సంగతి ఉంది. మా ఆడపడుచు ఆ మధ్యాహ్నమే వాళ్ల పెద్దాయన దగ్గరికి వెళ్లి, తప్పు తనదేనని చెప్పి, ఆస్పత్రివాళ్లతో కలిసి ఒక్కొక్కరికీ ఫోన్లు చేయించింది. ఉద్యోగం పోతుందనుకున్నాం. పోలేదు, కానీ ఆ పెద్దాయన అడిగాడట, "మీ పరికరంలోనే చూసుకున్నారుగా, ఎందుకు కనిపించలేదు?" అని. చూడ్డానికి బాగుండాలని గుర్తుల్ని అతికించానని చెప్పిందట. ఎవరు అతికించమన్నారో చెప్పలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర అంటుందేమోనని చూశాను. అప్పుడూ అనలేదు. అంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

"బొమ్మ తెలుగులా ఉందన్నది నేనే," అని చివరికి నేనే అన్నాను.

"నువ్వు టీచరువి వదినా. నీకు అలాగే ఉండాలి. 'విడమర్చు' మాత్రం యంత్రం ఎలా చదువుతుందో చూపించాలి, మనకెలా ఇష్టమో కాదు. అది నాకు తెలిసీ మార్చాను."

"ఎందుకు మార్చావు మరి?"

"నువ్వు ఒక్కసారైనా బాగుందంటావని," అంది.



ఇరవై రెండు మందిలో ఇరవై ఒక్కరు క్షేమంగా దొరికారు. ఒకాయనకి మాత్రం రెండో వారంలో ఆ సూది వేసేశారు. గడియారాలు బాగుచేసే ఆయన. ఒళ్లంతా దద్దుర్లు లేచి, రెండు రోజులు ఊపిరి గొట్టం మీద ఉండి బతికి బయటపడ్డాడు. ఎందుకలా అయిందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆఫీసువాళ్లు ఉత్తరం పంపిస్తామన్నారు. ఈమె తనే వెళ్తానంది. ఒక్కత్తీ వెళ్లడానికి భయపడుతుంటే నేను తోడెళ్లాను.

చిన్న కొట్టు. గోడల నిండా ఆగిపోయిన గడియారాలు. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. ఈమె నిలబడే అంతా చెప్పింది, ఒక్క ముక్క దాచుకోకుండా, ఆగి ఆగి మళ్లీ మొదలెడుతూ. ఆయన విని, "ఏదీ, రాసి చూపించండి," అన్నాడు. రాసింది. ఆయన కాగితాన్ని భూతద్దం కిందికి తీసుకుని ఆ ఏత్వాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంత చిన్నదా," అన్నాడు. "నా కూతురు రెండు రోజులు నా పక్కనే ఏడుస్తూ కూర్చుంది."

తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. కాగితం మడిచి తిరిగిచ్చేసి, గడియారం మీదికి వంగాడు. ఈమె బయటికొచ్చి గోడకి ఆనుకుంది. ఇప్పుడు 'విడమర్చు'లో ఏత్వాలు, కొమ్ములు, గుడులు అన్నీ చుక్కల సున్నాల మీద మళ్లీ గాల్లో వేలాడుతున్నాయి. చూడ్డానికి అసహ్యంగానే ఉంటాయి. నేను నోరెత్తను.

మూడు వారాలకి అమ్మని కుట్లు చూపించడానికి తీసుకెళ్లాం. కుర్చీ బండి నేను తోస్తున్నాను, ఫైలు మా ఆడపడుచు పట్టుకుంది. కొత్త నర్సు వచ్చింది, కాగితం తీసింది. "మందులేమైనా పడవా అమ్మా?"

నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఇప్పుడు నాకు జవాబు కూడా తెలుసు, మందు పేరుతో సహా తెలుసు. పక్కన మా ఆడపడుచు ఫైలు గుండెకి హత్తుకుని నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను. అమ్మ ఎడమ చెవి దగ్గరికి వంగి, "అమ్మా, నీకు ఏ మందైనా పడదా?" అని అడిగాను. అడిగి ఎదురుచూశాను.



"ఇన్నాళ్లకి అడిగావు," అంది అమ్మ. "ఆ రోజు కూడా చెప్పబోయానే. నువ్వు చెప్పనిచ్చావా?"

తర్వాత నర్సు వైపు తిరిగి, నెమ్మదిగా, మందు పేరు తప్పు లేకుండా చెప్పింది. నర్సు రాసుకుంది. ఆ కాగితం నాకివ్వమని అడిగి తీసుకుని, అమ్మ చెప్పిందీ ఆమె రాసిందీ ఒకటేనా అని మూడుసార్లు చదివాను.